ఊరి ఫ్లోరైడ్ చరిత్ర అడిగితె ఏఐ యాప్ లేని పుస్తకం పేరు చెప్పింది, అసలు నెట్‌ల ఎట్ల వెతకాలె?

మునుగోడు_సోషల్_సార్:

అందరికి నమస్తే. నేను మునుగోడు దిక్కు ఒక గవర్నమెంట్ హైస్కూల్‌ల సోషల్ చెప్త. ఈ యేడు తొమ్మిదో తరగతి పిల్లలతోని ఒక పని పెట్టుకున్నం, మన దిక్కు ఫ్లోరైడ్ నీళ్ల కథ మొదటి సంది ఇప్పటిదాంక రాసి చార్టుల మీద ఎక్కించి వరండాల పెట్టాలె అని. పిల్లల ఇండ్లల్లనే తాతలు నానమ్మలు ఉన్నరు, వాళ్ల నడుములు, కాళ్లు చూస్తె ఫ్లోరైడ్ అంటె ఏందో వేరే చెప్పే పనే లేదు, కానీ ఇది ఎప్పుడు బయటపడ్డది, ఎవలు పరీక్షలు చేసిండ్రు, నీళ్లు బాగు చేసేతందుకు ఏం ఉపాయం చేసిండ్రు అనేది లెక్కపత్రంతోని రాద్దామనుకున్నం.

ఫోన్‌ల ఒక ఏఐ యాప్ ఉంటె దాన్ని తెలుగుల అడిగిన. పది సెకండ్లల్ల రెండు పేజీలు రాసిపెట్టింది, మంచి తెలుగు, ఎక్కడ తప్పు పట్టే తట్టు లేదు. ఐదు ఊర్ల పేర్లు, ఏ ఊరి బోర్ల ఎంత ఫ్లోరైడ్ ఉందో పాయింట్ తర్వాత రెండంకెలతో సహా ఒక టేబుల్. కింద ఒక పుస్తకం పేరు, రాసినాయన పేరు, అచ్చేసిన సంవత్సరం. నాకు మస్తు సంబురమైంది, ఆ శనివారమే బస్సెక్కి నల్గొండ జిల్లా గ్రంథాలయానికి పోయిన. అక్కడ ఉన్నాయన పాపం గంటసేపు రిజిస్టర్లు తిరగేసిండు, రాక్‌లు చూసిండు, అసొంటి పుస్తకమే లేదు. యాప్‌ను మల్ల అడిగితె క్షమించండి అని ఇంకో పుస్తకం పేరు చెప్పింది, అది కూడ లేదు.

ఇక్కడిదాంకనైతే సరే అనుకునేటోన్ని. కానీ నేను గ్రంథాలయానికి పోయేలోపే పిల్లలు ఆ టేబుల్ చార్టు మీదికి ఎక్కించేసిండ్రు. ఒక పాప వచ్చి, సార్ ఈ నంబర్ మా ఊరి బోరుదేనా, మా నానమ్మకు చెప్పొచ్చా అని అడిగింది. ఆ నానమ్మ వంగిపోయి చెయ్యి నేలకు ఆనిచ్చి నడుస్తది. ఏం చెప్పాల్నో నాకు సమజ్ కాలే.

సెర్చ్ ఇంజిన్‌ల కొడితె వాటర్ ఫిల్టర్ల యాడ్లు, ఆర్వో ప్లాంట్ల యాడ్లు, ఆ తర్వాత వీడియోలు, ఆ వీడియోలల్ల ఒకాయన నీళ్లు మరగబెడితె ఫ్లోరైడ్ పోతది అంటడు. మరగబెడితె నీళ్లు ఆవిరైపోయి ఫ్లోరైడ్ ఇంకింత చిక్కబడ్తది తప్ప పోదు, గిది నాకు తెలుసు కాబట్టి సరే, తెలువనోళ్లు ఏం కావాలె?

ఇప్పుడు ఏజెంట్లు అని వచ్చినయంట, అవే నెట్ అంత తిరిగి వెతికి తెస్తయంట. వాటిని నమ్మొచ్చునా? మీరైతె ఎట్ల వెతుకుతరు?

---

పానగల్_కంప్యూటర్స్:

సార్, నేను డిగ్రీ పిల్లలకు కంప్యూటర్స్ చెప్త, మీకైన అనుభవం మా క్లాసుల ప్రతి యేడు చూస్తున్న కాబట్టి జర ఇవరంగ రాస్త.

ముందుగాల ఒకటి. మీరు వాడిన రెండూ ఒకే పని చెయ్యవు, తెర మీద డబ్బా ఒకే తీరు ఉంటది కాబట్టి ఒకటే అనిపిస్తది. సెర్చ్ ఇంజిన్ వెనక క్రాలర్ అనే ప్రోగ్రాం ఉంటది, అది ఒక పేజీ తెరిచి దాంట్ల ఉన్న లింకులు పట్టుకొని ఇంకో పేజీకి, అక్కడికెల్లి ఇంకోదానికి రాత్రింబగళ్లు తిరుగుతనే ఉంటది. తెచ్చిన పేజీలల్ల ఏ మాట ఏ పేజీల ఉందో పట్టిక రాసి పెట్టుకుంటది, లావు పుస్తకాల చివర్ల మాటలు, వాటి పక్కన పేజీ నంబర్లు ఉంటయి చూడండి, గదే లెక్క. మీరు ఫ్లోరైడ్ అని కొట్టంగనే అది నెట్ మొత్తం తిరగదు, ఆ పట్టికల చూస్తది, అందుకే సెకండ్ల వస్తది. అంటె అది మీకు జవాబు చెప్తలేదు, బస్టాండ్ల నిలబడ్డ మనిషిని అడిగితె గా సందుల పోండి, మూడో ఇల్లు అని తొవ్వ చూపిస్తడు చూడండి, అంతవరకే దాని పని. ఇంట్లకు పోయి మాట్లాడేది మీరే.

మొట్టమొదటిది 1990ల ఆర్చీ అని వచ్చింది, కెనడాల మాంట్రియల్ పట్నంల ఉన్న మెక్‌గిల్ యూనివర్సిటీల ఆలన్ ఎమ్టేజ్ అనే ఆయన చేసిండు. అది ఫైళ్ల పేర్లు మాత్రమే వెతికేది, లోపలి మ్యాటర్ కాదు. 1994ల యాహూ అయితె మనుషులే కూసోని సైట్లను రకాల వారీగా జాబితా రాసేది. 1998ల గూగుల్ వచ్చినంక పెద్ద మార్పేందంటె ఒక పేజీకి ఎంతమంది లింకు ఇచ్చిండ్రు, ఇచ్చినోళ్లకు ఎంత విలువ ఉంది అనేది లెక్కగట్టి పైన కింద పెట్టుడు మొదలైంది. ఇంగ్లీషుకు ఇది బంగారం లెక్క పనిచేసింది. మన తెలుగు పేజీలకు లింకులు ఇచ్చేటోళ్లే తక్కువ, మునుగోడుల ఎవరో ఒకరు కష్టపడి రాసిన మంచి వ్యాసానికి బయటికెల్లి లింకు ఒక్కటి కూడ ఉండకపోవచ్చు, అందుకే అది పదో పేజీల పడి ఉంటది, ఫిల్టర్ అమ్మెటోడు పైసలు కట్టి ఫస్ట్ పేజీల ఉంటడు. యాడ్ అయితె మీద స్పాన్సర్డ్ అని చిన్న అక్షరాలతోని ఉంటది, పిల్లలకు ముందు గది చూసుడు నేర్పండి.

ఇగ మీ యాప్. దాంట్ల ఉన్నది భాషా నమూనా. అది కోట్ల కొద్ది పేజీలు చదివి ఏ మాట తర్వాత ఏ మాట వస్తది అనేది పట్టుకున్నది, పేజీలను దాచిపెట్టుకోలేదు. దానికి చెరిత్ర వ్యాసం ఎట్లుంటదో తెలుసు, టేబుల్ ఎట్లుంటదో తెలుసు, చివర్ల పుస్తకం పేరు ఉంటదని తెలుసు. మీ ఊరి బోరు నీళ్ల నంబర్ మాత్రం దానికి తెల్వదు, తెల్వదనేది కూడ దానికి గట్టిగ తెల్వదు, అందుకని నంబర్ ఉండాల్సిన కాడ నంబర్ లాంటిది పెడతది. 2023ల న్యూయార్క్‌ల ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ చెప్పిన పాత తీర్పులు అట్లనే కోర్టుల వేసిండ్రు, జడ్జి వెతికిస్తె ఆ కేసులే లేవు, 5000 డాలర్ల జుర్మానా పడ్డది. అంత చదువుకున్న లాయర్లకే అట్లైంది, కాబట్టి మీ పిల్లలు నమ్మిండ్రని బాధపడకండి, చార్టు మీదికెల్లి ఆ టేబుల్ మాత్రం రేపే తీసెయ్యండి.

ఇంకోటి, యాప్‌ను నువ్వు చెప్పింది నిజమేనా అని అడుగుడు పనికొచ్చే పరీక్ష కాదు. అది మల్ల అదే తీరుగ ఇంకో వాక్యం కడతది. పుస్తకం ఉందా లేదా అనేది కేటలాగ్‌ల చూడాలె, మీరు గ్రంథాలయానికి పోయి చేసిందే అసలైన పరీక్ష.

---

బత్తాయి_నాంపల్లి:

సార్ చెప్పింది నూటికి నూరు శాతం. నాకు ఆరెకరాల బత్తాయి తోట ఉంది. పోయినేడు చెట్ల మొదలు కాడ బంక కారుతుందని ఫోన్‌ల ఏఐని అడిగిన, బోర్డో వాడమన్నది, మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు పది లీటర్లు, ఇది చెట్టు మొత్తం పిచికారి చెయ్యమన్నది. మైలుతుత్తం, సున్నం ఉత్త మాట కాదు, నిజంగనే వాడేది గవే. కానీ పది లీటర్లల్ల కలిపేది మొదలుకు పూసే పేస్టు, పిచికారి చేసే ఒక శాతం మిశ్రమానికి అదే కిలో కిలోకు వంద లీటర్ల నీళ్లు పొయ్యాలె. రెండిటిని కలగాపులగం చేసింది. దాని మాట పట్టుకొని చల్లితె ఆకు మాడి తోట పోయేది.

నాకు మా నాయినతోని పూసిన అలవాటు ఉంది కాబట్టి అనుమానమొచ్చి కిసాన్ కాల్ సెంటర్‌కు కొట్టిన, 1800-180-1551, తెలుగుల మాట్లాడ్తరు, వాళ్లు కరెక్టుగ చెప్పిండ్రు. నేను చెప్పేదేందంటె అది చెప్పింది పూర్తిగ అబద్ధమైతె మనం దొరకవట్టొచ్చు, ముప్పావు నిజం ఉండి పావు తప్పుంటెనే పానం మీదికొస్తది. కొత్తగ తోట పెట్టిన పోరగాండ్లు అందరు ఇప్పుడు ఫోన్‌నే అడుగుతున్నరు, ముసలోళ్లను అడుగుతలేరు, ఇది నాకు భయమైతది.

నీళ్ల సంగతి గూడ చెప్త, మా చిన్నప్పుడు ఊట బావి నీళ్లు తాగినప్పుడు ఇంత లేకుండె, బోర్లు లోతుకు పోయినకొద్ది ఎక్కువైంది అని మా ముసలోళ్లు అంటరు. గిది ఎవలన్న రాసుకోండ్రి సార్.

---

పాలమూరు_డీటీపీ:

అన్నా నమస్తే, నేను మహబూబ్‌నగర్‌ల పద్దెనిమిదేండ్ల సంది డీటీపీ చేస్తున్న. మీరు అడిగినదానికి అసలు జవాబు నా కంప్యూటర్‌ల ఉంది అనుకుంటున్న, కోపం చేస్కోకుండ్రి, పెద్దగ రాస్తున్న.

మన తెలుగుల ఇన్నేండ్లు అచ్చైన కరపత్రాలు, సావనీర్లు, ఊరి చరిత్ర పుస్తకాలు, కాలేజీ మ్యాగజైన్లు, సంఘాల నివేదికలు, ఇవన్ని నా అసొంటోళ్లు పేజీమేకర్ అనే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌ల అను ఫాంట్లతోని కొట్టినయే. ఆ ఫాంట్‌ల కొట్టినప్పుడు తెర మీద తెలుగు అక్షరం కనపడ్తది, కాయితం మీద తెలుగే వస్తది, కానీ కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల కోడే. క అనే అక్షరం కాడ లోపల ఇంకేదో గుర్తు ఉంటది, దాని మీద తెలుగు బొమ్మ తొడిగినట్టు. గా ఫాంట్ తీసేస్తె మిగిలేది డాలర్ గుర్తులు, పర్సెంట్ గుర్తులు, కొక్కెం కామాలు. నిన్న రాత్రి మీ పోస్టు చదివి నేను 2009ల కొట్టిన ఒక సావనీర్ పీడీఎఫ్ తెరిచిన, అది ఒక ఊరి హైస్కూల్ స్వర్ణోత్సవానిది, దాంట్ల ఒక పెద్దమనిషి వాళ్ల ఊరి బావుల గురించి నాలుగు పేజీలు రాసిండు. అందుల ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌ల పేస్ట్ చేసిన. ఒక్క తెలుగు అక్షరం రాలే. మరి సార్ చెప్పిన ఆ క్రాలర్ వచ్చి ఈ పీడీఎఫ్ చదివితె దానికి కనపడేది గదే చెత్త, పట్టికల ఏమని రాసుకుంటది? బావి అని ఎట్ల దొరుకుతది? ఏఐ మాత్రం ఏం చదువుకుంటది?

యూనికోడ్ అంటె తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగనే కంప్యూటర్ లోపల దాచే కోడ్, దాంట్ల తెలుగు 1991ల మొదటి వెర్షన్‌లనే ఉండె. కానీ ప్రెస్సులల్ల ఎవరు మారలే, ఎందుకంటె మనం నేర్చుకున్న ఆపిల్ అనే కీబోర్డు వరుస గదే, పేజీమేకర్‌ల యూనికోడ్ తెలుగు సరిగ రాదు, కస్టమర్ రేపటికి కరపత్రం కావాలంటడు. నేను గూడ గిట్లనే కొట్టుకుంట వచ్చిన. ఇప్పుడు ఆలోచిస్తె ఈ జిల్లా మాట ఎంత నా చేతుల మీదికెల్లి పోయి నెట్‌కు కనపడకుండ ఉన్నదో అని మనసు ఎట్లనో అయితది.

అయితె ఉపాయం ఉంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నయి, ఒత్తులు, గుణింతాలు కొన్ని తప్పు పోతయి, కూసోని దిద్దాలె. పీడీఎఫ్ లేదు పుస్తకమే ఉందంటె ఫోన్‌ల ఫోటో కొట్టి గూగుల్ లెన్స్‌తోని అక్షరాలు తీసుకోవచ్చు, ఎల్తురు మంచిగుంటె తెలుగు బాగనే చదువుతది, మ కు య కు, ప కు వ కు తికమక పడ్తది, పాత లెటర్‌ప్రెస్ పుస్తకమైతె ఇంకింత ఎక్కువ.

వెతికేటప్పుడు ఇంకోటి యాదుంచుకోండ్రి, మనది ఒక మాటకు నాలుగు స్పెల్లింగులు. నల్గొండ, నల్లగొండ రెండు తీర్ల కొట్టి చూడాలె. ఫ్లోరైడ్, ఫ్లోరైడు, మన ముసలోళ్లైతె ఫ్లోరిన్ నీళ్లు అంటరు, రాసేటోళ్లు గూడ చాలామంది అట్లనే రాసిండ్రు. మా దిక్కైతె పాలమూరు అని ఒకలు, మహబూబ్‌నగర్ అని ఒకలు, మహబూబునగరం అని ఒకలు. మల్ల తెలుగుల లో, కి, నుంచి అన్ని మాటకే అతుక్కుంటయి, నల్గొండలోని అని పేజీల ఉంటె నల్గొండ అని కొట్టినప్పుడు ఒక్కోసారి దొరకది, అందుకని రెండు మూడు రూపాలు మార్చి కొడ్త నేను.

పేరు ఒకటైనప్పుడు కూడ ఫికరే. మొన్న ఒక స్కూల్ పాంప్లెట్ కోసం పిల్లలమర్రి గురించి ఒక ఏఐని అడిగిన. మహబూబ్‌నగర్ పక్కన ఏడు వందల ఏండ్ల నాటిదని చెప్పుకునే మన మర్రిచెట్టు వేరు, సూర్యాపేట కాడ కాకతీయుల కాలం గుడులున్న పిల్లలమర్రి ఊరు వేరు. అది రెండిటిని కలిపి, కాకతీయులు గుడి కట్టి దాని ముంగట మర్రిచెట్టు నాటిండ్రు అని రాసింది. నడుమ దూరం చూస్తె జిల్లాలే దాటాలె. ఆ చెట్టుకు చెదలు పడితె 2018ల సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిండ్రు, నేను పోయి కండ్లార చూసిన, అసొంటి చెట్టు గురించి అట్ల రాస్తె ఎట్ల ఊకుంట?

---

వనపర్తి_టు_గచ్చిబౌలి:

అక్కా, మీ పోస్ట్ చదివి రెండుసార్లు మల్లొచ్చి చదివిన. మా కంపెనీల నేను చేసేదే ఈ ఏజెంట్ల పని, కానీ అను ఫాంట్ సంగతి ఇంత దగ్గరగ నాకు తెల్వదు.

సార్ అడిగిన ఏజెంట్ ముచ్చట చెప్త. చాట్ మోడల్‌కు సెర్చ్ కొట్టే చెయ్యి, పేజీ తెరిచి చదివే కన్ను ఇచ్చి, పని అయ్యేదాంక మల్ల మల్ల తిరుగు అని చెప్పుడే ఏజెంట్ అంటె. అది ప్రశ్నను ముక్కలు చేసుకుంటది, ఒకటి వెతుకుతది, వచ్చిన పేజీలు చదువుతది, చాలకపోతె మాటలు మార్చి మల్ల వెతుకుతది, చివరికి లింకులు పెట్టి రిపోర్ట్ రాస్తది. ఈ ఆలోచన కొత్తదేం కాదు, 1995లనే వాషింగ్టన్ యూనివర్సిటీల మెటాక్రాలర్ అని చేసిండ్రు, అది ఒకేసారి వేరే వేరే సెర్చ్ ఇంజిన్లను అడిగి జవాబులు కలిపి ఇచ్చేది. అప్పుడు దానికి చదివింది అర్థం చేసుకునే తెలివి లేకుండె, ఇప్పుడు కొంత వచ్చింది.

ఉత్తగ చెప్పుడెందుకని నిన్న మీ ప్రశ్ననే ఒక ఏజెంట్‌కు ఇచ్చి పక్కన కూసున్న. తెలుగుల అడిగితె పేపర్ వార్తలు పట్టుకొచ్చింది, అన్ని ఈ పదేండ్లవే, ఒకదాన్ని చూసి ఒకటి రాసినయే. ఫ్లోరైడ్‌తోని వచ్చే రోగాన్ని ఫ్లోరోసిస్ అంటరు, ఇంగ్లీషుల నల్గొండ ఫ్లోరోసిస్ అని వెతుకు అంటె నల్గొండ టెక్నిక్ అని కుప్పలు కుప్పలు వచ్చినయి. ఇది మీకు తెలిసే ఉంటది సార్, నాగ్‌పూర్‌ల ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ దించే పద్ధతి చేసి దానికి మన ఊరి పేరే పెట్టిండ్రు. నేను ఆగిపోయింది యాడంటె, టాంజానియా, కెన్యా, ఇథియోపియాల ఈ పద్ధతి వాడి చూసిన రిపోర్టులల్ల పేజీ పేజీకి నల్గొండ అని ఉంది. మన పిల్లలకు తెలుగుల నాలుగు లైన్లు దొరకని సంగతి మీద ఆఫ్రికాల అంత పని జరిగింది.

అయినా 1970ల కంటె వెనుకకు పోతలేదు. అప్పుడు నాకు ఒకటి మతికొచ్చింది, ఇంకా వెనుకకు పోతె ఇది తెలంగాణ కాదు, ఆంధ్రప్రదేశ్ కూడ కాదు. 1956 నవంబర్ 1కి ముందు హైదరాబాద్ రాష్ట్రం, ఇంగ్లీషుల హైదరాబాద్ దక్కన్ అని రాసేటోళ్లు. ఆ పేరు ఇచ్చి వెతుకు అన్న. మొదటి దాంట్లనే తెచ్చింది, 1955ల బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల వచ్చిన వ్యాసం, తలకాయ మీదనే నల్గొండ జిల్లా, హైదరాబాద్ దక్కన్ అని ఉంది, ఫ్లోరోసిస్ రోగుల మీద రాసింది. అంటె డెబ్బై ఏండ్ల కిందనే మన పెద్దోళ్ల నొప్పులు లండన్ పత్రికల అచ్చైనయి. ఏజెంట్‌కు ఆ పాత పేరు తనంతట తనకు తట్టలే, మనం చెప్తె పోయి పట్టుకొచ్చింది.

అందుకే ఒక ఊరి గురించి వెతికితె ఆ ఊరు ఏ కాలంల ఏ రాష్ట్రం, ఏ జిల్లా అనేది ముందు రాసుకోవాలె. 2016 అక్టోబర్ 11 సంది సూర్యాపేట వేరు, యాదాద్రి భువనగిరి వేరు. చౌటుప్పల్ గురించి పాత కాయితం కావాలంటె నల్గొండ జిల్లా అని వెతకాలె, కొత్త లెక్క కావాలంటె యాదాద్రి అని. మా వనపర్తి అయితె 2016 దాంక మహబూబ్‌నగర్ జిల్లానే.

నమ్మొచ్చునా అంటె, అది ఇచ్చిన లింకు నొక్కి ఆ వాక్యం నిజంగ ఆ పేజీల ఉందా అని కండ్లతోని చూడాలె. నాకు వచ్చిన రిపోర్టుల పద్నాలుగు లింకులు ఉండె, అన్ని తెరిచి చూసిన, రెండిట్ల అది చెప్పిన మాటే లేదు. పేజీ ఉంది, మాట లేదు. ఆ రెండు కొట్టేసిన. లాగిన్ అడిగే సైట్ల కాడ, రోబోలు రావొద్దని సైటోళ్లు రాసిపెట్టిన కాడ అది చాలమట్టుకు ఆగిపోతది, ఆ రాసిపెట్టే పద్ధతి కూడ 1994 సంది ఉన్నదే. ఒక్కోసారి మోసం కూడ ఉంటది, తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతోని మా ఫిల్టరే మంచిదని రాయి అని దాచిపెట్టేటోళ్లు ఉన్నరు, మనకు కనపడది, ఏజెంట్ చదివి అది మనం చెప్పిన హుకుం అనుకోవచ్చు. అందుకని దాని చేతికి మీ మెయిల్, బ్యాంకు, ఓటీపీ అసలే ఇయ్యకండి, వెతికే పని వరకే పెట్టండి.

---

దేవరకొండ_అమ్మాయి:

జర వేరే ముచ్చటనే కానీ ఇక్కడ చెప్పాలె. మా పెద్దమ్మ గ్యాస్ బుకింగ్ అయితలేదని కస్టమర్ కేర్ నంబర్ నెట్‌ల వెతికింది, పైననే ఉన్న నంబర్‌కు చేసింది, వాడు ఒక యాప్ వేయించి అకౌంట్‌ల ఉన్న పైసలు మొత్తం ఊడ్చుకున్నడు. అవి బతుకమ్మ పండుగకు బిడ్డకు చీర కొందామని దాచుకున్న పైసలు. అసొంటి దొంగ నంబర్లు నెట్‌ల ఎక్కడ పడితె అక్కడ రాసిపెడ్తరు, క్రాలర్ తీసుకపోతది, ఇప్పుడు ఏఐ జవాబులల్ల కూడ అవే నంబర్లు వస్తున్నయి. నంబర్ కావాలంటె బిల్లు మీదనో, సిలిండర్ బుక్కు మీదనో చూసుకోండి. పైసలు పోతె ఆ గంటలనే 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగ చేస్తె అంత ఆపే తట్టు ఉంటది. మేము తెల్లారి చేసినం, అప్పటికే పోయినయి.

---

మునుగోడు_సోషల్_సార్:

అందరికి దండాలు. నాలుగు రోజులాయె ఇటు రాక, ఊకె కూసోలేదు, చేసింది చెప్త.

సోమవారం పొద్దున్నే ఆ టేబుల్ పిల్లల ముందటనే చార్టు మీదికెల్లి తీసేసినం. ఎందుకు తీస్తున్నమో చెప్పిన, ఈ నంబర్లు ఎవరు కొలిచినయి కావు అన్న. ఆ పాప, మరి మా బోరు నీళ్లు ఎవరు కొలుస్తరు సార్ అన్నది. గదే పని పట్టుకున్నం ఇప్పుడు. పిల్లలు ఎవరి ఇంటికాడి బోరు నీళ్లు వాళ్లు కడిగిన బాటిల్ల తెచ్చిండ్రు, మీద ఊరి పేరు, బోరు ఎవరిది, ఏ తారీఖు అని రాసినం, పక్కకు భగీరథ నల్లా నీళ్ల బాటిల్ కూడ ఒకటి. అన్ని నల్గొండల ఆర్‌డబ్ల్యూఎస్, అంటె ఊర్ల నీళ్ల సరఫరా శాఖ, వాళ్ల ల్యాబ్‌ల ఇచ్చి వచ్చిన. లీటర్‌కు ఒక మిల్లీగ్రాం లోపల ఉండాలె, వేరే నీళ్లు దొరకకపోతె ఒకటిన్నర దాంక అని మన దేశం ప్రమాణం, ఆ గీత చార్టు మీద ఎర్ర స్కెచ్‌తోని ముందే గీసి పెట్టినం. కాయితం వచ్చినంక ఆ గీతకు పైన కింద పిల్లలే చుక్కలు పెడ్తరు.

వనపర్తి తమ్మీ, 1955 వ్యాసం దొరికింది. ఇంగ్లీష్ సార్‌ను పక్కన కూసోబెట్టుకొని మెల్లగ చదువుతున్నం. కానీ ఒకటి చూసిన, నువ్వు చెప్పినట్టు పాత పేరు కొట్టకపోతె సెర్చ్‌ల అది నాకు ఐదో పేజీ దాంక రాలే. పిల్లలకు గీ ఒక్క సంగతి చెప్తెనే సగం చరిత్ర పాఠం అయిపోయింది, మన ఊరు ఎన్ని రాష్ట్రాలు మారింది అని వాళ్లే లెక్కబెట్టుకున్నరు.

బత్తాయి అన్నా, మీ ముసలోళ్లు చెప్పిన ఊట బావి మాట నాకు కావాలె. బోరు లోతు ఎప్పుడు ఎంత అయింది అని యాదున్నోళ్లు ఉంటె నేనే నాంపల్లి వస్త, ఫోన్‌ల రికార్డ్ చేసుకుంట, పిల్లలు కూసోని యూనికోడ్‌ల కొడ్తరు. అక్క చెప్పిన సంగతి విన్నంక అను ఫాంట్ ముట్టేది లేదు. తెలుగు వికీపీడియాల మా ఊరికి ఒక పేజీ ఉంది, జనాభా లెక్కలు తప్ప ఏం లేవు దాంట్ల, ల్యాబ్ కాయితం వచ్చినంక నీళ్ల గురించి ఏం రాయొచ్చో, దేన్ని ఆధారంగ ఒప్పుకుంటరో ఆడ రాసేటోళ్లను అడిగి చూస్త.

డీటీపీ అక్కా, ఒక మాట అడుగుత కాదనకండ్రి. మీరు చెప్పిన ఆ 2009 సావనీర్‌ల బావుల మీద నాలుగు పేజీలు రాసినాయన ఇంకా ఉన్నడా? ఉంటె వాళ్ల ఇంటోళ్లను అడిగి ఆ నాలుగు పేజీలు మాకు ఇస్తరా? కన్వర్టర్‌ల తప్పుపోయిన ఒత్తులు దిద్దెతందుకు ఇక్కడ ముప్పై ఇద్దరు పిల్లలు ఉన్నరు.

---

పాలమూరు_డీటీపీ:

అన్నా ఆయన పోయి ఆరేండ్లైంది. కొడుకు నా దగ్గరనే విజిటింగ్ కార్డులు కొట్టించుకుంటడు, పొద్దున ఫోన్ చేసిన, మా నాయిన రాసింది పిల్లలు చదువుతరంటె అంతకంటె ఏం కావాలె తీసుకొమ్మన్నడు. నాలుగు పేజీలు రాత్రికి కన్వర్ట్ చేసి పంపుత, రెండో పేజీల గిరక బావి అని ఉన్న కాడ గ మీది గుడి ఎగిరిపోతది, అది ముందు చూడుండ్రి.